అవతలి ఊరి రైడర్ పడిపోయాడు, నేను ఈల వేశాను

కోనసీమ నుంచి నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. రాసినాయన తన పేరు వద్దన్నారు, ఊరి పేరూ వద్దన్నారు. వయసు 27. రొయ్యల మేత అమ్మే కొట్లో లెక్కలు రాస్తారు. వాళ్ళ ఊరికీ పక్క ఊరికీ మధ్య ఉన్నది ఒక పంట కాలువ, దాని మీద ఒక వంతెన, ఎన్నో ఏళ్ళ కబడ్డీ పోటీ.

కనుమ రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద ఫైనల్ జరిగింది. సెకండాఫ్ సగమయ్యేసరికి అవతలి ఊరు 4 పాయింట్ల ముందుంది. వాళ్ళ పెద్ద రైడర్‌ని ఉత్తరంలో ‘ఏడో నంబరు’ అనే రాశారు, మనమూ అలాగే అందాం. ఆ ఏడో నంబరు బోనస్ కోసం కాలు చాపాడు. ఎడమ కార్నర్‌లో ఉన్న కుర్రాడు అతని చీలమండ దొరకబుచ్చుకున్నాడు. పక్కనుంచి కవర్‌లో ఆడేవాడు వచ్చి గుద్దాడు. ఏడో నంబరు మధ్య గీత వైపు తిరగబోయి అక్కడే కూలబడ్డాడు.

“పట్టు పడగానే ఈల వేశానండి, అది మామూలే. కానీ మోకాలు పట్టుకుని అరుస్తున్నా ఆపలేదు, ఇంకా గట్టిగా వేశాను. మైకులో ఒకాయన ‘ఏడో నంబరు అయిపోయాడు, ఇంక కప్పు మనదే’ అన్నాడు. డీజే పెట్టేశారు.”

ఇద్దరు మనుషులు చంకల కింద చేతులేసి లేపి, బైకు మీద ఇద్దరి మధ్యన కూర్చోబెట్టి తీసుకుపోయారట. మ్యాచ్ 3 పాయింట్లతో వీళ్ళు గెలిచారు. పందెంలో ఈయనకి 5,000 రూపాయలు వచ్చాయి. ఆ రాత్రే, అతను పడిపోయిన ముక్క మాత్రం కత్తిరించి, పాట తగిలించి వాట్సాప్ స్టేటస్‌గా పెట్టారు.

చిక్కు మర్నాడు మొదలైంది. ఈయన చెల్లెల్ని ఇచ్చింది ఆ ఊరే. ఏడో నంబరు స్వయానా బావగారి పెదనాన్న కొడుకు. “అన్నయ్యా, నువ్వు పెట్టింది మా అత్తగారు చూశారు” అని చెల్లెలు ఫోన్ చేసి ఏడ్చింది. బావగారు మూడు వారాలుగా మాట్లాడటం లేదు. ఏడో నంబరు కొబ్బరి దింపు తీసి బతుకుతాడు, ఇల్లంతా అతని రెక్కల మీదే నడుస్తుంది. మోకాలికి పసరు కట్టు కట్టించుకున్నాడు. వాపు తగ్గింది, నడుస్తున్నాడు, శివరాత్రి వెళ్ళాక మళ్ళీ చెట్టెక్కుతానంటున్నాడు. ఈయన స్నేహితులు “ఆటన్నాక దెబ్బలు తగలవా” అంటున్నారు. అమ్మగారు మాత్రం ఏమీ అనడం లేదు. అది ఇంకా బాధగా ఉందట.

ఉత్తరం చివర మూడు ప్రశ్నలు. నేను అంత దుర్మార్గుణ్ణా? వెళ్ళి క్షమాపణ చెప్పాలా? చెబితే మా ఊళ్ళో పరువు పోదా? వాటి కింద, రాశాక గుర్తొచ్చినట్టుగా, ఇంకో వాక్యం: “మా ఎడమ కార్నర్ కుర్రాడు ఆ రోజు నుంచి ప్రాక్టీసుకి రావట్లేదు.”

సమాధానం:

మీ మూడు ప్రశ్నలకీ వస్తాను. అంతకంటే ముందు, మీరు అడగని సంగతి ఒకటి మూడో పేజీలో ఉంది, అది ఆగేది కాదు. శివరాత్రి వెళ్ళాక అతను చెట్టెక్కుతానంటున్నాడు. మీ ఈల సంగతి ఇంకో వారం ఆగినా కొంపేమీ మునగదు. ఇది అలా కాదు.

బోనస్ రావాలంటే ఒక పాదం బోనస్ గీత అవతల నేలకి ఆనాలి, అదే క్షణంలో వెనక కాలు గాల్లో ఉండాలి. అంటే ఒంటి బరువంతా ఒక్క కాలి మీదే. ఆ చీలమండ దొరికిపోయి పాదం నేలకి అతుక్కున్నప్పుడు, పై ఒళ్ళు మధ్య గీత వైపు తిరిగితే, నడుమ మెలిపడేది మోకాలు. దానికి పక్కనుంచి గుద్దు తోడైంది. మోకాలి లోపల తొడ ఎముకనీ కింది ఎముకనీ పట్టి ఉంచే కట్టు ఒకటుంటుంది, ఏసీఎల్ అంటారు. అది తెగేది సరిగ్గా ఇలాంటి మెలికలోనే. “టప్‌మన్న చప్పుడు గ్యాలరీలో ఉన్న నాక్కూడా వినబడింది” అని మీరు రాశారు. ఇంటికెళ్ళేసరికి మోకాలు బోండాంలా వాచిందని మీ చెల్లెలు చెప్పింది. చప్పుడు, ఆ వెంటనే గంటా రెండు గంటల్లో వాపు. ఈ రెండూ కలిస్తే ఎముకల డాక్టరు మొదట అనుమానించేది ఆ కట్టునే. తెగిందో లేదో ఉత్తరం చూసి చెప్పలేం. చూపించుకోవాలని చెప్పడానికి మాత్రం ఇది చాలు.

“వాపు తగ్గింది, నడుస్తున్నాడు” అన్నదే ఇక్కడ మోసం చేసే మాట. పసరు కట్టినా కట్టకపోయినా కొన్ని వారాల్లో వాపు దిగుతుంది. తిన్నగా నడవడానికి ఆ ఏసీఎల్‌తో పెద్ద పని లేదు. 2019 ఎన్‌బీఏ ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో క్లే థాంప్సన్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడికి ఎడమ మోకాలి ఏసీఎల్ తెగింది. లోపలికి తీసుకెళ్తుంటే వెనక్కి తిరిగి, తన కాళ్ళ మీద తనే నడిచొచ్చి, రెండు ఫ్రీ త్రోలు వేసి మరీ వెళ్ళాడు. తరవాతి సీజన్ మొత్తం ఆడలేదు. అంటే నడవడం దేనికీ సాక్ష్యం కాదు. పక్కకి తిరిగినప్పుడు, మెట్టు దిగినప్పుడు, కాలు మెలిపెట్టినప్పుడు మోకాలు ఒక్కసారి జారినట్టవుతుంది. నేల మీదైతే తూలి నిలదొక్కుకుంటాడు. కాళ్ళకి బందం వేసుకుని నలభై అడుగుల ఎత్తున, ఒక చేత్తో గెల పట్టుకుని ఉన్నప్పుడు జారితే ఏమవుతుందో కోనసీమ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పడకపోయినా, అలా జారిన ప్రతిసారీ మోకాలి లోపలి గుజ్జు పలక నలిగి చిరుగుతుంది. మొదట బాగుచేయడానికి వీలైనది కాస్తా తరవాత కాకుండా పోతుంది.

నాటు కట్టు మీద మన వైపు ఎంత గురో తెలుసు. ఆ వాదనలోకి దిగకండి, దిగితే అసలు మాట పక్కకి పోతుంది. “ఇది ఎముక కాదు, ఎక్స్‌రేలో కూడా కనపడదు” అంటే చాలు. డాక్టరు మోకాలిని కొద్దిగా మడిచి, కింది ఎముకని ముందుకి లాగి చూస్తారు. రెండు నిమిషాల పరీక్ష, దాంతోనే చాలావరకు తెలిసిపోతుంది. మిగతాది ఎంఆర్‌ఐ చెబుతుంది. తెగిందని తేలినా అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. కూర్చుని చేసే పని ఉన్నవాళ్ళు వ్యాయామంతోనే నెట్టుకొస్తారు. కానీ చెట్లెక్కేవాడికి, కూతకెళ్ళేవాడికి సాధారణంగా చేయించుకోమనే అంటారు. చేయించుకుంటే మళ్ళీ కోర్టులోకి రావడానికి తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది. ఈలోపు తొడ కండరానికి బలం వచ్చేలా ఫిజియోథెరపీ చేయాలి. అది మానేస్తే ఎంత బాగా చేసిన ఆపరేషన్ అయినా నిలవదు. అసలు ఇప్పటినుంచే, మోకాలు పూర్తిగా చాపగలుగుతున్నాడా లేదా అన్నది ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. ఖర్చు మాటకొస్తే, కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఎముకల విభాగం ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్న ఏ ఆసుపత్రిలోనైనా ఆరోగ్యమిత్ర కూర్చుంటారు. ఆధార్, రేషన్ కార్డులు పట్టుకెళ్ళి అడిగితే ఏది వర్తిస్తుందో, ఏది సొంతంగా పెట్టుకోవాలో ముందే చెబుతారు.

ఇదంతా అతనికి ఎవరు చెప్పాలి? ఈ వారంలో మీరైతే కాదు. మీ నోటితో ఏం చెప్పినా ఆ ఇంట్లో ఈలలాగే వినబడుతుంది. చెప్పగలిగింది మీ బావగారు. ఆయన మాట్లాడటం లేదు కదా అంటారేమో. ఫోన్ చేయొద్దు, ఇంటికెళ్ళండి. లోపలికి రమ్మనేదాకా ఆగకుండా అరుగు మీదే చెప్పేయండి: “బావగారూ, నేను చేసింది తప్పే. దానికి తరవాత మీరెంత తిట్టినా పడతాను. ముందు ఆ అబ్బాయి చెట్టెక్కకుండా చూడండి, మోకాలు డాక్టరుకి చూపించండి. బండి కావాలంటే నేను మాట్లాడతాను.” ఇంతే. ఆ వాక్యాల్లో ఎక్కడా ‘కానీ’ అన్న మాట రాకూడదు.

ఇక మీ మొదటి ప్రశ్న.

కబడ్డీలో పట్టుపడ్డ రైడర్ పడతాడు, అరుస్తాడు, కొట్టుకుంటాడు, చెయ్యి చాపి గీత అందుకోవాలని చూస్తాడు. అది ఆటే. తగిలిన దెబ్బకి విలవిల్లాడటం కూడా మొదటి రెండు మూడు సెకన్లూ అచ్చం అలాగే ఉంటుంది. గ్యాలరీలో ఉన్నవాడికి తేడా తెలియదు. అంచేత మీ మొదటి ఈల లెక్కలోకి రాదు. మీ ఎడమ కార్నర్ పట్టిన పట్టుకి వేసింది అది. రెండోది, మీరే ఒప్పుకున్నట్టు, వేరు.

దాంట్లో ఏముందో ఉత్తరంలో మీరే దాచకుండా రాశారు. 4 పాయింట్లు వెనకబడి ఉన్నారు, ఇంకో పది నిమిషాల ఆట ఉంది, అతను కూతకొచ్చిన ప్రతిసారీ మీ గుండెల్లో రాయి పడుతోంది. ఆ రాయి ఒక్కసారి లేచిపోయింది. ఇది మొదటిది, అన్నిటికంటే పెద్దది. 5,000 రూపాయలు రెండోది. మూడోదాని మీద అరపేజీ రాశారు: కిందటేడు ఫైనల్లో అతను ఒకే కూతలో మీవాళ్ళని ముగ్గుర్ని కొట్టి, తన కోర్టులోకి వెళ్ళాక మీ గ్యాలరీ వైపు తిరిగి తొడ కొట్టాడు. ఏడాది గడిచినా ఆ చప్పుడు మీ చెవిలో ఉంది. మొదటి రెండూ అతని నొప్పితో సంబంధం లేని సంతోషాలు. అతను జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నా మీకు అవి కలిగేవే. మూడోది అలాంటిది కాదు. ‘తగిన శాస్తి’ అనుకున్నప్పుడు ఎదుటివాడి నొప్పే కావలసొస్తుంది. మిమ్మల్ని మూడు వారాలుగా నిద్రపోనివ్వనిది ఈ మూడో ముక్కేనని నా అనుమానం.

ఇది మీ ఒక్కరి జబ్బేమీ కాదు. అమెరికాలో రెడ్ సాక్స్, యాంకీస్ అని రెండు బేస్‌బాల్ జట్లున్నాయి, వాటి అభిమానులకి ఒకరంటే ఒకరికి పడదు. వాళ్ళని స్కానర్‌లో పడుకోబెట్టి ఆట దృశ్యాలు చూపించిన పరిశోధన ఒకటి 2011లో వచ్చింది. పగవాడి జట్టు దెబ్బతిన్నప్పుడు, ఆ ఆట తమ జట్టుతో కాకపోయినా సరే, మెదడులో బహుమతి అందినప్పుడు మెరిసే భాగమే మెరిసింది. మీకు పనికొచ్చేది దాని రెండో సగం. ఆ మెరుపు ఎవరిలో ఎక్కువగా ఉందో వాళ్ళే, అవతలి అభిమానిని తిడతాం, కొడతాం అని చెప్పడానికి ఎక్కువ మొగ్గారు. అంటే ఆ సంతోషం వచ్చిన చోటే కూర్చోదు, కాళ్ళొచ్చి బయల్దేరుతుంది. మీ విషయంలో అది గ్యాలరీ నుంచి స్టేటస్‌లోకి రావడానికి ఒక్క రాత్రి కూడా పట్టలేదు.

అదే 2019లో, థాంప్సన్ మోకాలు పోవడానికి ముందు మ్యాచ్‌లో, టొరంటోలో, అతని జట్టువాడే అయిన కెవిన్ డ్యురాంట్ కాలి వెనక పిక్కని మడమకి కలిపే స్నాయువు తెగి కూలబడ్డాడు. టొరంటో జట్టు కప్పుకి ఒక్క గెలుపు దూరంలో ఉంది, స్టేడియంలో కొంతమంది కేరింతలు కొట్టారు. వాళ్ళని చేతులూపి ఆపింది ఎవరనుకున్నారు? టొరంటో ఆటగాళ్ళే. ఆపాక అదే జనం అతని పేరు పలుకుతూ సాగనంపారు. మనసులో రెండూ ఒకేసారి ఉండగలవు. 2025 ఆగస్టులో ఓవల్ టెస్టు చివరి ఉదయం, భుజం స్థానం తప్పిన ఇంగ్లండ్ ఆటగాడు క్రిస్ వోక్స్ ఒక చెయ్యి స్వెట్టర్ లోపల కట్టుకుని పదకొండో వాడిగా బ్యాటింగుకి వచ్చినప్పుడు మనవాళ్ళ సంగతీ అంతే. వికెట్ ఎప్పుడు పడుతుందా అనుకుంటూనే లేచి చప్పట్లు కొట్టారు. సిరాజ్ ఆఖరి వికెట్ తీసి 6 పరుగులతో గెలిపించినప్పుడు ఆ చప్పట్లకి ఎవరూ సిగ్గుపడలేదు. మీ కోర్టు దగ్గర లేనిది చేతులూపి ఆపేవాడు. మైకు పట్టుకున్నాయన ఆపకపోగా ఎగదోశాడు. అది మీ తప్పుని కడిగేయదు గాని, నాలుగు వందల గొంతుల మధ్య మీదొక్కటే వినిపించినట్టు బాధపడటం కూడా సరికాదు.

ఇంకా సూటిగా చెప్పాలంటే, ఈల గురించి మీరు రెండు పేజీలు రాశారు, స్టేటస్ గురించి ఒకటిన్నర వాక్యం. నాకు ఇది తలకిందులుగా కనిపిస్తోంది. ఈల దానంతటదే వచ్చింది, ఒక్క ఊపిరి. స్టేటస్‌కి మీరు వీడియో వెతికారు, పడిన ముక్క దగ్గర కత్తిరించారు, పాట ఎంచుకున్నారు, తగిలించారు. ఇరవైనాలుగు గంటలు అలా ఉంచారు. అవతలి ఊళ్ళో మీ ఈల ఎవరిదో చాలామందికి తెలియదు. స్టేటస్ మీదని అందరికీ తెలుసు. మీ చెల్లెలు ఏడ్చింది కూడా దానికే. క్షమాపణ అంటూ చెబితే ముందు దీనికి చెప్పాలి.

మూడు వారాలైంది కాబట్టి ఎక్కడెక్కడికి పాకిందో అక్కణ్ణుంచి అందరి ఫోన్లలో తీసేయడం మీ చేతిలో లేదు. మీ ఫోన్లో ఉన్నది తీసేయండి. మీ దగ్గర్నుంచి దాన్ని తీసుకుని పంపిన ముగ్గురు నలుగురు ఎవరో మీకు తెలుసు, వాళ్ళని ఒక్కొక్కరిగా కలిసి “ఆ వీడియో తీసేయరా” అనండి. ఊరి గ్రూపులో పెద్ద సందేశం పెడదామనిపించవచ్చు. పెడితే జరిగేది ఇది: మర్చిపోయినవాళ్ళు కూడా ఆ వీడియో ఏదని అడుగుతారు, ఎవరో మళ్ళీ పెడతారు, మీ సందేశం కింద నవ్వే బొమ్మలు పడతాయి. అందుకని గ్రూపు వద్దు.

పందెం డబ్బు. పందెం చట్టరీత్యా తప్పన్న సంగతి సంక్రాంతి మూడు రోజులూ మన జిల్లాలకి గుర్తుండదు, సరే. ఆ 5,000 ఇంకా మీ చేతిలో ఉంటే మూడు దారులున్నాయి. ఉంచుకోవచ్చు, ఎవరూ అడగరు. కానీ దాంతో కొన్న వస్తువు కనపడినప్పుడల్లా అతనే గుర్తొస్తాడు. ఓడినవాడికి తిరిగిచ్చేయొచ్చు, దానివల్ల పందెం మాఫీ అవుతుంది గాని మోకాలికి ఒరిగేదేమీ లేదు. అతని స్కాన్‌కి ఇవ్వొచ్చు. ఇక్కడే జాగ్రత్త కావాలి. మీరు కవరులో పెట్టి చేతికిస్తే అది మోకాలికి కట్టిన వెల అవుతుంది. ముఖాన విసిరికొడితే తప్పు అతనిది కాదు. ఇవ్వాలనుకుంటే మీ టోర్నమెంట్ కమిటీ చేత రెండు ఊళ్ళలోనూ చందా ఎత్తించండి. గెలిచిన జట్టు బహుమతి డబ్బులోంచి మొదటి ముక్క తీస్తే ఇంకా మంచిది. అందులో మీ 5,000 పేరు లేకుండా కలుస్తాయి. మీవని ఎవరికీ తెలియకపోవడం మీకు బాధనిపిస్తే, అవి ఎవరి కోసం ఇస్తున్నారో ఒకసారి చూసుకోండి.

వెళ్ళాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. వెళ్ళకుండా బావగారితో కబురు పంపితే గొడవ జరగదు, చెల్లెలి ఇంట్లో వాతావరణం కొంత తేలికపడుతుంది. కాకపోతే వచ్చే సంక్రాంతికి వంతెన మీద ఎదురుపడ్డప్పుడు ఇద్దరూ తలలు తిప్పుకుంటారు. అసలేమీ చేయకుండా ఊరుకుంటే జనం మర్చిపోతారు, నిజమే. మీ అమ్మగారు మర్చిపోయినట్టు లేరు. వెళ్తే, అతను తిట్టొచ్చు, వాళ్ళమ్మగారు అంతకంటే ఎక్కువ అనొచ్చు, లేదా ఎవరూ ఏమీ అనకుండా మంచినీళ్ళిచ్చి పంపొచ్చు. మూడోదే కష్టం, దానికి సిద్ధపడి వెళ్ళండి. నా మొగ్గు వెళ్ళడం వైపే గాని, డాక్టరు సంగతి ఒక కొలిక్కి వచ్చాక, బావగారు సరేనన్నాక. ఆయన వద్దంటే ఆగండి. ఆ ఇంట్లో ఉండాల్సింది మీ చెల్లెలు, మీరు కాదు.

వెళ్ళేటప్పుడు సాయంత్రం పూట, మీరూ బావగారూ ఇద్దరే వెళ్ళండి. స్నేహితుల్ని వెంటేసుకుంటే పంచాయితీకి వచ్చినట్టుంటుంది. మంగళవారం పలకరింపుకి వెళ్తే పెద్దవాళ్ళకి పట్టింపు, అది చూసుకోండి. డజను బత్తాయిలో, ఒక బొబ్బాసికాయో పట్టుకెళ్ళండి చాలు. నిలబడి మాట్లాడొద్దు. అతను మంచం మీదుంటే మీరూ కింద కూర్చోండి. “ఆ రోజు నువ్వు పడ్డాక కూడా ఈల వేశాను. వీడియో పెట్టింది కూడా నేనే. తప్పు చేశాను” అని ఒక్కసారి చెప్పి ఆగిపోండి. మళ్ళీ మళ్ళీ చెబితే మిమ్మల్ని ఓదార్చడం అతని పని అయిపోతుంది. ‘ఆటలో ఇవన్నీ మామూలే’ అనొద్దు. ఆ మాట అతను అనొచ్చు, మీరు అనకూడదు. కిందటేటి తొడ సంగతి పొరపాటున కూడా ఎత్తొద్దు. ఫొటో అసలే వద్దు. ఆట గురించి అతనే మొదలెడితే మాట్లాడండి. మొదలెట్టే అవకాశం ఉంది, ఆటగాళ్ళకి ఎవరైనా తమ ఆట గురించి అడిగితే బాగుండునని ఉంటుంది.

పరువు గురించి. 1962లో వెస్టిండీస్ పర్యటనలో మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్‌కి బార్బడోస్‌లో గ్రిఫిత్ బంతి తలకి తగిలి పుర్రె చిట్లింది. ప్రాణం మీదకొచ్చింది, రక్తం కావాల్సొచ్చింది. ఇచ్చినవాళ్ళలో అవతలి కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్ ఉన్నాడు. ఆ సిరీస్ 5–0తో వెస్టిండీసే గెలిచింది, రక్తమిచ్చినందుకు ఒక్క పరుగూ తగ్గలేదు. కలకత్తాలో ఇప్పటికీ వొరెల్ పేర రక్తదాన శిబిరం పెడతారు. మీ ఊళ్ళో ఇద్దరు ముగ్గురు ‘వాళ్ళ కాళ్ళు పట్టుకోడానికి వెళ్ళాడు’ అని నవ్వుతారు, నవ్వనివ్వండి. వాళ్ళ చెల్లెళ్ళు ఆ ఊళ్ళో లేరు.

కమిటీ దగ్గరికి ఎలాగూ వెళ్తారు కాబట్టి ఇంకో మాట కూడా అక్కడ వేయండి. రొయ్యల పెట్టెల్లోకి టన్నులకొద్దీ ఐసు వెళ్ళే ప్రాంతంలో, కోర్టు పక్కన ఒక థర్మాకోల్ పెట్టెడు ఐసు లేకపోవడం సిగ్గుచేటు. మోకాలి దెబ్బకి గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టాలి, తీసి మళ్ళీ రెండు మూడు గంటలకి పెట్టాలి. మొదటి రెండు మూడు రోజులూ నూనె మర్దనా, వేడి కాపడం కూడదు. పడ్డవాణ్ణి చంకల కింద పట్టుకుని లేపి నిలబెట్టకూడదు, ఆ కాలి మీద బరువు మోపించకూడదు. బైకు మీద ఇద్దరి మధ్యన కూర్చోబెడితే మోకాలు మడిచే ఉంచాలి, గతుకు గతుక్కీ మెలిక. బల్ల మీద పడుకోబెట్టి, కాలు ఉన్నది ఉన్నట్టుగా దిండుతో ఆనించి, 108కి ఫోన్ చేయాలి. ఆటకి ముందు కోర్టు మట్టి తడిపి, గుల్లలూ రాళ్ళూ ఏరించాలి. అన్నిటికంటే తేలికైంది, పైసా ఖర్చు లేనిది: రిఫరీ ఆట ఆపగానే మైకూ డీజే కూడా ఆగాలి. మైకు పట్టుకున్నాయన “అబ్బాయి లేచేదాకా ఎవరూ ఈలలు వేయకండి” అని ఒక్క మాట అని ఉంటే, మీ రెండో ఈల బహుశా సగంలోనే ఆగిపోయేది.

చివరికి ఆ ఎడమ కార్నర్ కుర్రాడు. ఉత్తరంలో అతని వయసు రాయలేదు. చీలమండ పట్టు నిబంధనల్లో ఉన్న పట్టే, కార్నర్‌లో నిలబడేవాడు మొదట నేర్చుకునేదే అది. అతను తప్పు చేయలేదు. కానీ టప్‌మన్న ఆ చప్పుడు మీకు గ్యాలరీలో వినబడితే, అతనికి చేతుల్లో తెలిసింది. మైకులో వచ్చిన ‘కప్పు మనదే’, మీ ఈల, డీజే, ఇవన్నీ అతని పట్టుని మెచ్చుకున్నట్టే వినిపించి ఉంటాయి. మూడు వారాలుగా ప్రాక్టీసుకి రాకపోవడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు. ఇలాంటి కుర్రాళ్ళు ఆట మానేస్తారు, లేదా మళ్ళీ వచ్చి పట్టీ పట్టనట్టు పడతారు. సగం పట్టులో రైడర్ మడమ ముఖానికి తగులుతుంది, వేళ్ళు విరుగుతాయి. అప్పుడు పడిపోయేది అతనే. ఏడో నంబరు ఫోన్ చేసి “నీ తప్పేం లేదురా” అంటే సగం భారం దిగుతుంది, బావగారి ద్వారా ఆ మాట అడిగించొచ్చు. అది కుదిరేలోగా మీ ఊరివాళ్ళలో ఎవరో ఒకరు వెళ్ళి, ఆ రాత్రి అతనేం చేశాడో, గ్యాలరీలో మీరేం చేశారో విడదీసి చెప్పాలి. దానికి మీరైతే బాగుంటుంది, వంతెన కూడా దాటక్కర్లేదు.